గోడ వెనకకు పోయిన పొద్దు

మా చిన్నాయిన నా పొద్దుకు అడ్డంగా గోడ లేపింది 1955లో, మాఘమాసంలో. ఇన్నేళ్ల తర్వాత ఆ ముచ్చట ఇంకా ఎందుకని మా వాళ్లు విసుక్కుంటారు. వాళ్ల కిటికీకి ఎవరూ గోడ కట్టలేదు కాబట్టి విసుక్కుంటారు.

చిన్నాయిన అంటే సొంత చిన్నాయిన కాదు. మా తాత తమ్ముడి కొడుకు, మా పక్కింటాయన. మా ఊరు పోచంపల్లికి నడిచి పోయేంత దూరం. మా వాడలో అందరివీ మగ్గాలే, అందరం ఏదో ఒక వరుసకు చుట్టాలమే. అందుకే ఎవరూ ఎవరికీ న్యాయం చెప్పరు.

మా మగ్గం గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుంటే పడుగు మోకాళ్ల ఎత్తులో ఉంటుంది. అర్రకు ఒకటే కిటికీ, తూర్పున, నేలకు దగ్గరగా. పొద్దు పొడవగానే ఎండ ఆ కిటికీలోంచి పడుగు మీద పాకుతూ వచ్చి పడమటి గోడను తాకేది. ఎండ కాస్త పైకెక్కితే మా ఇంటి చూరే దాన్ని ఆపేసేది. అంటే మంచి వెలుతురు పొద్దున మూడు గంటలసేపే. ఆ మూడు గంటలే నా బతుకు.

మేము నేసేది కట్టు నూలు, అంటే ముందే ముడులు కట్టి రంగులద్దిన నూలు. చిలుక ముక్కు ఎక్కడ రావాలో, కన్ను ఎక్కడ రావాలో నూలు మీద మరకలుగా ముందే ఉంటుంది. నేసేవాడు ఒక్కొక్క పోగునూ వేలితో అటో ఇటో జరిపి మరకను మరకకు కలపాలి. వెలుతురు లేకపోతే పోగు ఒక నూలువాసి తప్పుతుంది. ఒక నూలువాసి తప్పితే చిలుక మెడ విరుగుతుంది.

గోడ లేచిన నెలలోపే నేనొక చీరను మా నేత సంఘానికి తీసుకుపోయాను. అంచులో ఏనుగులు. వాళ్లు చీరను బల్ల మీద పరిచి కాళ్లు లెక్కపెట్టారు. ఒక ఏనుగుకు ఐదొచ్చాయి. నవ్వారు. తర్వాత నవ్వకుండా ఒక మాట చెప్పారు: ఇంకో రెండు చీరలు ఇట్లాగే వస్తే కట్టు నూలు ఇవ్వం, ముతక పంచెలు నేసుకో. మా నాయిన నేసిన చిలుకలను ఎగిరిపోతాయేమోనని జనం చేత్తో పట్టుకుని చూసేవాళ్లు. ఆయన కొడుకును ముతక పంచెలు నెయ్యమన్నారు. ఆ రోజు నవ్విన నలుగురిలో ఇప్పుడు ఒకడే బతికున్నాడు. అతనితో నేను మాట్లాడను.

ఇంటికి వస్తూనే చిన్నాయిన వాకిట్లో నిలబడ్డాను. ఆయన గోడ మీద కూర్చుని ఇంకా పైకి తాటాకు తడక కడుతున్నాడు.

"చిన్నాయినా, నీ గోడ నా పొద్దు తింటాంది."

"గోడ ఏం తింటదిరా? నోరున్నదా దానికి?"

"నాకు మగ్గం మీద ఎండ పడ్తలేదు."

"ఎండ తిరుగుతదిరా బిడ్డా. ఇయ్యాల గీడ పొడుస్తది, రెండు నెలలైతే గాడ పొడుస్తది. నా గోడ కొస దాటినంక కడుపునిండ ఎండ. జర ఓపిక పట్టు."

ఇందులో సగం నిజం ఉంది, అదే నాకు మంటగా ఉండేది. పొద్దు ఏడాది పొడుగునా ఒకే చోట పొడవదు. చలికాలంలో దక్షిణం వైపు జరుగుతుంది, ఎండాకాలంలో ఉత్తరం వైపు. ఈ సంగతి చిన్నాయిన నాకు చెప్పడమేమిటి! నాయిన పోయిన నాటి నుంచి నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం, తొలి ఎండ పడమటి గోడ మీద పడిన చోట ఎర్రమట్టి జాజుతో గీత పెట్టినవాణ్ణి నేను. ఏ నెలలో ఎంత సేపు ఎండ ఉంటుందో తెలిస్తే కష్టమైన బొమ్మ అప్పుడు పెట్టుకోవచ్చని. ఆ గీతల ప్రకారం పొద్దు ఎంత ఉత్తరానికి పోయినా చిన్నాయిన గోడ దాటదు. గోడ కొస కంటే మూరెడు ఇవతలే నిలిచిపోయి వెనక్కి తిరుగుతుంది.

కులపెద్ద దగ్గరికి పోయాను. ఆయనను వాడంతా మామా అని పిలుస్తుంది. మోకాళ్ల నొప్పుల మనిషి. ఉగాదికి రెండు మూడు రోజుల ముందు ఆయన మా ఇంటికి వచ్చి గుంత అంచున కూర్చున్నాడు. చిన్నాయిన కూడా వచ్చాడు. కిటికీలోంచి గోడ కనబడింది, పొద్దు కనబడలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

"ఇయ్యాల్ల రేపు పగలు, రాత్రి సరిసమానం" అన్నాడు కులపెద్ద. "దేవుడే సమానం జేసిండు. మీరిద్దరు గూడ సమానమే. లేవుండ్రి."

"అంటే పగలు ఆయనకు, రాత్రి నాకా మామా?"

"గట్లనే అనుకో, తప్పేంది?"

మా అవ్వ, మా నాయినను కన్నతల్లి, మూలన కూర్చుని నూలు కండెలు చుడుతోంది. చూపు తగ్గింది కానీ చెవులు తగ్గలేదు. "ఓ అల్లుడా, మోకాళ్లు నొస్తున్నయని ఇంట్ల పండుకో, న్యాయం నొస్తున్నదని మా ఇంటికి రాకు" అంది. దాంతో కులపెద్దకు రోషం వచ్చి సరిగ్గా విచారించాడు. విచారిస్తే తేలింది ఇది: పొద్దు ఉత్తరాన చిట్టచివరి చోటుకు పోయిన రోజు వచ్చి చూడాలి. ఆ రోజు కూడా పొద్దు గోడ వెనకే ఉంటే గోడ పైభాగం, తడక తీసెయ్యాలి. గోడ దాటి కనబడితే నేను కులం ముందు చిన్నాయిన కాళ్లు మొక్కి, ఈ ముచ్చట మళ్లీ ఎత్తకూడదు.

"అయితే కర్కాటక సంక్రమణం నాడొస్త" అన్నాడు కులపెద్ద. "దక్షిణాయనం గప్పుడే గద జొచ్చేది."

"గప్పటికి పొద్దు మర్లి మూడు వారాలు అయితది మామా. జ్యేష్ఠంలనే మర్లుతది."

"పంచాంగంల రాసి ఉన్నదిరా."

"నా గోడ మీద గూడ రాసి ఉన్నది."

అంతే. ఆ క్షణం నుంచి నా కిటికీ సంగతి అందరూ మరిచిపోయారు. ఫలానావాడు పంచాంగం తప్పు అంటున్నాడని వాడంతా పాకింది. నీళ్ల దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేవాళ్లు. ఉగాది నాడు పంచాంగ శ్రవణానికి పోతే చిన్నాయిన అందరికీ వినబడేలా, "నీకెందుకురా గిది? పొద్దు నిన్ను అడిగి పొడుస్తది గద" అన్నాడు. జనం నవ్వారు. నేను లేచి వచ్చేశాను. ఈ ఏడాదంతా పంచాంగం ముఖం చూడనని, దాంట్లో ఏముందో ఎవరు చెప్పినా విననని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేదని అవ్వ అనేది.

ఎందుకంటే, నా గీతలు చూసుకుని, పొద్దు చివరి చోట కదలకుండా నిలబడే నాలుగైదు రోజుల్లో ఒకదాన్ని ఎంచి కులపెద్దకు చెప్పాను: జ్యేష్ఠ అమావాస్య పొద్దున రమ్మని. ఆయన నా ముఖంలోకి వింతగా చూశాడు. "గదే దినమా?" అన్నాడు. "గదే" అన్నాను. "ఇంకోసారి ఆలోచించుకోరాదు?" అన్నాడు. భయపెడుతున్నాడని అనుకుని, "గదే, గదే, గదే" అని మూడుసార్లు అన్నాను.

ఆ రోజు సూర్యగ్రహణం. ఊరిలో పశువులకు కూడా తెలుసు. నాకు తెలియదు.

తెల్లవారుతుండగానే కులపెద్ద, చిన్నాయిన వచ్చారు. కులపెద్ద ఒక్క చూపు చూసి గ్రహణం పట్టకముందే ఇంటికి పోదామనుకున్నాడు. గ్రహణం సంగతి నాకెందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "మూడుసార్లు గదే అంటివి గదరా" అన్నాడు. పొద్దు పొడిచింది. తడక సందుల్లోంచి సన్నటి ఎండ చుక్కలు చుక్కలుగా మా పడుగు మీద పడింది.

"సూడుండ్రి!" అన్నాను. "గోడ ఎనుకనే ఉన్నది."

"ఎండ వస్తనే ఉన్నది గదరా" అన్నాడు చిన్నాయిన.

"గిది ఎండనా? జల్లెడ పట్టిన ఎండ."

"జల్లెడ పడ్తే ఇంక మంచిగైతది. పిండి సూడు."

ఎండకు పిండికి తేడా ఏమిటో ఆయనకు తెలియజెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది. ఆ వాదం మధ్యలో అవ్వ లేచి తలుపు మూసి గడియ పెట్టింది. "పట్టింది. ఎవలు బయటికి పోవద్దు" అంది. కులపెద్ద నెత్తి కొట్టుకున్నాడు. గ్రహణం విడిచేదాకా గడప దాటకూడదు, తాగకూడదు, తినకూడదు. కొట్లాడుకున్న ముగ్గురం, ఒక ముసలమ్మ, ఒక మగ్గం, అందరం ఆ ఒక్క అర్రలో.

అవ్వ దర్భ పోచలు తెచ్చి పాడయ్యేవాటన్నిటి మీదా వేసింది: పచ్చడి జాడీ మీద, మంచినీళ్ల కుండ మీద, గంజి మీద, పడుగు మీద. కులపెద్ద తలకు చుట్టుకున్న రుమాలు మీద ఒకటి పెట్టింది.

"నాకో పెద్దమ్మా?" అన్నాడు చిన్నాయిన.

"నీల పాడుగావడానికి ఏం మిగిలిందిరా, దర్భ దండుగ."

అప్పుడు చూశాను పడుగు వైపు. తెల్లటి పోగుల మీద ఇంతసేపూ గుండ్రంగా ఉన్న ఎండ చుక్కలు గుండ్రంగా లేవు. ప్రతి చుక్కా కొడవలిలా వంగి ఉంది. పదులు కాదు, వందల కొడవళ్లు, అన్నీ ఒకే వైపు తిరిగి, మగ్గం ఈ కొస నుంచి ఆ కొస దాకా. బయట పొద్దు కొరికినట్టు తరిగిపోతుంటే లోపల మా పడుగు మీద ఒక్కొక్క కొడవలీ సన్నబడుతోంది. అంత అందమైన బొమ్మ నేనే కాదు, మా నాయిన కూడా నెయ్యలేదు. అది నేసింది చిన్నాయిన తడక అన్న సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కులపెద్ద కాళ్లు గుంతలోంచి పైకి లాక్కున్నాడు. "ఇంట్లకు జొచ్చిందిరా! గ్రహణం ఇంట్లకు జొచ్చింది! తునకలు తునకలైంది!"

"మామా, గిదే నా రుజువు!" అని నేను అరిచాను. "పొద్దు తడక ఎనుక ఉంటెనే గద తడకల నుంచి గిట్ల పడ్తది. ఇయ్యాల పొద్దు చిట్టచివర ఉన్నది, అయినా గోడ దాటలే. తీర్పు చెప్పు."

"నోరు మూసుకో, గ్రహణంల తీర్పు చెప్తరా ఎవలన్న?"

"తర్వాతనన్న చెప్పు."

"తర్వాతనే చెప్త."

చెప్పాడు. గ్రహణం విడిచి, తలమీద నీళ్లు పోసుకుని, తడి బట్టలతోనే మా వాకిట్లో నిలబడి చెప్పాడు. చిన్నాయిన తడకకు సందులుండబట్టి గ్రహణం తునకలై ఒక ఇంటివాడి మగ్గం మీద పడింది. ఇది చిన్నాయిన తప్పే. అందుకని ఆయన ఆ తడకను సందు లేకుండా మట్టితో మెత్తి, పైనుంచి కింది దాకా సున్నం కొట్టాలి.

నేను గెలిచిన మొదటి వ్యాజ్యం అది. గెలిచినందుకు నాకు వచ్చే జల్లెడ ఎండ కూడా పోయింది. చిన్నాయిన సంబరంగా మట్టి మెత్తి, తెల్లగా సున్నం కొట్టి, "ఇగ నీకు ఫికర్ లేదురా, గ్రహణం రాదు" అన్నాడు. ఇంకేమీ రాదని నేను అన్నాను.

వానాకాలం నాకు నరకం. మబ్బులు, గోడ. రెండో చీరలో చిలుకకు ముక్కు వీపు మీద వచ్చింది. సంఘంలో ఈసారి నవ్వలేదు, అది ఇంకా అవమానం. ఇంకొక్కటి అన్నారు, వేలు చూపించి. ప్రతి కుల కూటంలోనూ నేను లేచి నా గోడ సంగతి చెప్పేవాణ్ణి. నేను లేవగానే కొందరు చుట్ట ముట్టించుకోవడానికి బయటికి పోయేవాళ్లు. వాళ్లెవరెవరో గుర్తున్నారు.

వానలు వెళ్లిపోయి, మళ్లీ పగలూ రాత్రీ సమానమైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, నెయ్యకుండా ఊరికే గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. కోపం తెచ్చుకోవడానికి అక్కడైతే అనువుగా ఉంటుంది. పడుగు వైపు చూస్తే పోగు పోగూ లెక్కపెట్టేలా కనబడింది. ఎక్కడి నుంచి అని చూస్తే కిటికీ. పడమటి ఎండ మా ఇంటి కప్పు మీదుగా పోయి, ఎత్తుగా తెల్లగా నిలబడ్డ చిన్నాయిన గోడకు కొట్టి, తిరిగి మా కిటికీలోకి వస్తోంది. పొద్దున ఎండలా కళ్లలో గుచ్చుకునే వెలుతురు కాదు. నీడ లేని వెలుతురు, పాలు పోసినట్టు. పొద్దుగూకే ముందుదాకా ఉంది. మూడు గంటలు కాదు, నాలుగున్నర.

నేను ఎవరికీ చెప్పలేదు. పొద్దునంతా నడుము నొప్పి అని పడుకునేవాణ్ణి, మధ్యాహ్నం నేసేవాణ్ణి. కూటంలో గోడ మీద ఫిర్యాదు మాత్రం మానలేదు. ఫిర్యాదు వేరు, వెలుతురు వేరు. గోడ కట్టినప్పుడు ఆయన నాకు వెలుతురు ఇవ్వడానికి కట్టలేదు కదా.

మూడో చీర సగానికి వచ్చింది. అవ్వ కండె అందిస్తూ నేసిన గుడ్డ మీద వేళ్లు పెట్టి తడిమింది. "సప్పుడు మారింది మగ్గంది. తప్పుతలేవు నువ్వు" అంది.

"ఊఁ."

"ఎవల దయ?"

"ఎవల దయ గాదు."

ఆ కార్తీక అమావాస్య మధ్యాహ్నం మళ్లీ సూర్యగ్రహణం పట్టింది. ఒకే ఏడాదిలో రెండోది. కులపెద్ద దాంతో హడలిపోయాడు. మొదటి గ్రహణం మా ఇంట్లో తగిలినప్పటి నుంచి ఆయన మోకాళ్లు మరీ పట్టేశాయి. తెగని వ్యాజ్యం తన మోకాళ్లలో కూర్చుందని ఆయనకు అనుమానం. ఉత్తరాయణం జొచ్చేలోపల దీన్ని వదిలించుకోవాలని ఒక వారం తర్వాత, ఒక మధ్యాహ్నం, ఇద్దరు మనుషులతో, రెండు గడ్డపారలతో మా వాకిట్లోకి వచ్చాడు. వెనక చిన్నాయిన మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఒరే, బయటికి రా! నువ్వే గెలిచినవు" అని కేకేశాడు కులపెద్ద. "గోడ సగానికి కూలగొట్టిస్తున్న. ఇగ నా పానం తినకు."

నేను మగ్గంలో ఉన్నాను. చివరి వరస చిలుకలు. ఒకదానికి ముక్కు వచ్చింది, కన్ను ఇంకా రాలేదు. గడ్డపార గోడకు తగిలిన మొదటి దెబ్బకు సున్నం రాలి, కిటికీలో వెలుతురు వణికింది.

"ఆపుండ్రి!" అన్నాను.

"ఏమైందిరా మల్ల?"

"గోడ తప్పే మామా. తప్పని నువ్వు చెప్పినవు, చాలు. గోడను ఉండనియ్యుండ్రి."

"కూలగొట్టుమని యాడాది సంది నా పానం తీసినవు గదరా!"

"తీసిన. ఇప్పుడు తీస్తలేను."

కులపెద్ద చెయ్యెత్తి గడ్డపారలను ఆపాడు. చిన్నాయిన మాత్రం మెల్లగా లోపలికి వచ్చాడు. కిటికీ చూశాడు. గోడ చూశాడు. వంగి, పడుగు మీద ఇంకా కన్ను రాని చిలుకను చూశాడు, దాని ముక్కు ఎంత సరిగ్గా ఉందో చూశాడు. నేసేవాడే కదా, అర్థమైంది. ముఖం ఎట్లా వికసించిందంటే, నేను ఆ ముఖాన్ని ఈ జన్మలో క్షమించను.

"అగో" అన్నాడు. "అగో అగో అగో." బయటికి పోయి అరిచాడు. "కూలగొట్టుండ్రి! నా గోడ, నేనే అంటున్న! తప్పు జేసిన, ఒప్పుకుంటున్న. పునాదుల కాడికి తియ్యుండ్రి!"

"వద్దు!"

"ఎందుకొద్దురా? చెప్పు. అందరు ఇంటున్నరు, చెప్పు."

నేను చెప్పలేదు. అవ్వ చెప్పింది. గడప మీదికి వచ్చి, గోడ ఎండ తెస్తోందని, నేను మూడు నెలలుగా దాంతోనే నేస్తున్నానని, నడుము నొప్పి అబద్ధమని, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. గడ్డపారలవాళ్లు నవ్వి నవ్వి గోడకే ఆనుకున్నారు. నాకు సొంత అవ్వ.

కులపెద్ద నేల మీద చతికిలబడ్డాడు. గోడ వద్దన్నవాడు కావాలంటున్నాడు, కట్టినవాడు కూల్చమంటున్నాడు. ఆయన మోకాళ్లు పిసుక్కుంటూనే చివరి తీర్పు చెప్పాడు. గోడ ఉంటుంది. గోడ చిన్నాయినదే. దాని తెలుపు మాత్రం నాది. కాబట్టి ఏటా వానలు పోగానే నేనే దానికి సున్నం కొట్టాలి.

మూడో చీర సంఘంలో బల్ల మీద పరిచినప్పుడు వాళ్లు చిలుకలను చేత్తో పట్టుకుని చూశారు. కట్టు నూలు మళ్లీ ఇచ్చారు. ముందు అన్న మాటకు తప్పైందని మాత్రం అనలేదు.

తర్వాత పదమూడేళ్లు ఆ గోడకు నేను సున్నం కొట్టాను. నేను నిచ్చెన మీద, చిన్నాయిన కింద మంచం వేసుకుని. "ఎడమకు జర పట్టియ్యి. గాడ పల్చగైంది. గా ఉత్తరపు మూల ఇడిసినవు సూడు, ప్రతి ఏడు ఇడుస్తవు."

విడిచింది నాకు తెలియక కాదు. ఆ మూల మీద పడ్డ ఎండ నా కిటికీకి రాదు, ఉత్తరాన ఉన్న ఆయన వాకిట్లోకి పోతుంది. సున్నం కుండ చేత్తో పట్టుకుని ప్రతి ఏడూ ఆ మూల దాకా పోయి, అక్కడి నుంచి దిగివచ్చేవాణ్ణి.